మైసమ్మ జాగాలో సున్నా

సంచి సర్దుతున్నది రజిత. భయపడుతున్నది తల్లి యాకమ్మ.

రెండు జతల బట్టలు, తువ్వాల, దువ్వెన, వాటి మధ్య మెత్తగా చోటు చేసి ఒక ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన దెయ్యం చేప. ఒంటి నిండా మచ్చలు, మొసలి తోలులాంటి గరుకు చర్మం, ముళ్లలా నిక్కిన రెక్కలు. అది చచ్చి నెల దాటినా యాకమ్మ ఆ డబ్బా వైపు సూటిగా చూడదు. అన్నిటికంటే చివర కొలకర్ర. ఎరుపు, తెలుపు పట్టీలు పూసిన సన్నని వెదురు. అది సంచిలో పట్టక జిప్పు మూల నుంచి సగానికి పైగా బయటికి పొడుచుకొచ్చింది.

"జర మెల్లగ గుంజు బిడ్డా, జిప్పు తెగుతది."

"తెగదవ్వా. నువ్వు ఊకె సంచి దిక్కు సూసుడు బంద్ జెయ్యి."

బంద్ చేయడం యాకమ్మ చేతిలో లేదు. కరోనా వచ్చిన ఏడు పెనిమిటి అయిలయ్యకు ఇలాగే సంచి సర్దింది. వరంగల్ దవాఖానలో చలి పెడుతుందని గొంగడి కూడా మడిచి పెట్టింది. కొన్నాళ్లకు ఆ సంచిని ఎవరో పిల్లగాడు బండి మీద తెచ్చి గుమ్మంలో పెట్టిపోయాడు. గొంగడి మడత కూడా విప్పలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు సంచి సర్దుతున్నా ఆమెకు నోరు ఎండిపోతుంది.

పోయిన వారం భాగంలో ఆమె 'పంపను' అని తలుపుకు అడ్డంగా కూర్చున్న చోట మనం ఆగాం. అక్కడిదాకా వచ్చిన దారిని ఒకసారి తలుచుకుంటే ఇదీ సంగతి. బయ్యారం దాటి గంగారం అడవి వైపు పోయే దారిలో రేగులచెరువు ఉంది. ఎవరో అద్దాల తొట్టిలో ముచ్చటకు పెంచుకుని, పెద్దదయ్యాక ఏ కాలువలోనో వదిలిన చేప వాగుల వెంట ఈ చెరువు చేరింది. వలలు కోసింది. రవ్వ, బొచ్చె చేపలు పెట్టే గుడ్లను తినేసింది. అంతకంటే చెడ్డది, గుడ్లు పెట్టుకోవడానికి అది చెరువు కట్టలో బొక్కలు తవ్వుతుంది. మానుకోట కాలేజీలో పాఠాలు చెప్పే కైసర్ సారు మూడు జిల్లాల పిల్లలను కూడగట్టాడు. చిట్యాల పిల్లలు వాళ్ల చెరువు చూశారు, గంగారం పిల్లలు వాగులు చూశారు. రజిత, ఆమె జతగత్తె ఫరహత్ ఎండాకాలమంతా రేగులచెరువు కట్ట వెంట తిరిగారు. బొక్క కనబడ్డ చోటల్లా కర్ర దూర్చి లోతు కొలిచి, ఫొటో తీసి, ఫోన్‌లో పటం మీదికి ఎక్కించారు. ఆ పటం చూసుకునే ఇంజినీరు ఇసుక బస్తాలు వేయించాడు. రేపు శుక్రవారం జనగామలో పెద్ద సభ. కట్ట సంగతి చెప్పాల్సింది రజితే.

"ఒక్క రాత్రే గదనే వదినె. అడవిల దప్పిపోతదా?" అని నిన్న మరిది రవీందర్ వచ్చి నచ్చజెబితే, చివరికి యాకమ్మ తలుపు విడిచింది. చేపలు పట్టేవాళ్ల సంఘానికి ఆయనే పెద్ద. అయిలయ్య పోయాక ఈ ఇంటికీ ఆయనే పెద్ద.

బయట నిన్న వినాయక చవితి నాడు మొదలైన వాన తెరిపి ఇవ్వడం లేదు.

కైసర్ సారు కారు వాకిట్లో ఆగింది. గొడుగు మూసే ఓపిక కూడా లేకుండా ఫరహత్ లోపలికి దూసుకొచ్చింది. బయ్యారంలో బట్టలు కుట్టే ఇబ్రహీం కూతురు. ఈ ఇంట్లో ఆమెకు చనువెక్కువ.

"పెద్దమ్మా, ఏడుసుడు అయిపోయిందా, ఇంక బాకీ ఉన్నదా?"

"నీ నోట్లె మన్నువడ. కూసో, చాయ్ తాగు."

"సార్, చూసిన్రా? తిట్టుకుంట చాయ్ పోసేది పెద్దమ్మ ఒక్కతే."

కైసర్ సారు నవ్వుతూ గడప దగ్గరే నిలబడి తల తుడుచుకున్నాడు. యాకమ్మ గ్లాసులు అందించి, పిల్లల పక్కన చతికిలబడింది. బిడ్డ ఏం చెప్పడానికి పోతున్నదో తెలిస్తే గుండె దడ కొంచెం తగ్గుతుందేమో అనుకుంది.

"గా సభల ఏం జూపెడ్తరో నాగ్గూడ జూపియ్యిరి."

ఫరహత్ ఫోన్ తీసి ఆమె మోకాలి మీద పెట్టింది. తెర మీద వంకరగా ఒక గీత. గీత నిండా ఎర్ర చుక్కలు.

"గిదే మన కట్ట. గీ కొసకు అలుగు, గా కొసకు తూము. ఎర్రగున్నయన్నీ బొక్కలు."

"అమ్మో, గిన్నా?"

"అన్నిటికి బస్తాలు పడ్డయి పెద్దమ్మా, భయపడకు."

యాకమ్మ వేలు చుక్కల మీదుగా మెల్లగా జరిగింది. నడుమ ఒక చోట ఆగింది. అక్కడ చుక్కలు లేవు. గీత లేతపచ్చగా, కడిగినట్టు ఉంది.

"గిది మైసమ్మ జాగ గదా?"

"ఔ."

"గీడ ఒక్కటి గూడ లేదేంది?"

"అక్కడ సున్నా. అంటే బొక్కల్లేవన్నట్టు."

"ఎవలు జూసిన్రు?"

ఫరహత్ రజిత వైపు చూసింది. రజిత సంచి జిప్పు వైపు చూసింది.

ఆ ఊళ్లో పుట్టిన పిల్లకైనా, ఆ ఊరికి కోడలుగా వచ్చిన మనిషికైనా మొదట చెప్పే మాట ఒకటుంది. కట్ట నడుమ మైసమ్మ గద్దె ఉంది. గద్దె కింద నీళ్ల వైపు ఎవరూ దిగరు. అక్కడ వల వేయరు, గాలం వేయరు. ఎంత ఎండకైనా ఎండని ఆ మడుగులో చేపలన్నీ అమ్మవారివి. చెప్పులు విడిచి, దండం పెట్టి, కట్ట మీద నుంచే దాటి పోవాలి. రజితకు నడక వచ్చిన రోజుల్లో వేలు పట్టుకుని ఆ మాట చెప్పింది యాకమ్మే. ఆ మాటనే రజిత ఫరహత్‌కు చెప్పింది. ఫరహత్ కూడా చెప్పులు చేతిలో పట్టుకుని, తల వంచుకుని దాటింది.

"దిగలేదవ్వా," అంది రజిత. "ఎట్ల దిగుతం? నువ్వే గద..."

"మరి సున్నా అని ఎట్ల ఏసిన్రు?"

"ఖాళీగ ఇడిస్తే ఫోన్ ముందుకు పోనిస్తలేదు పెద్దమ్మా," ఫరహత్ గొంతు సన్నబడింది. "ఏదో ఒక అంకె అడుగుతది. అందుకే సున్నా కొట్టిన."

గడప దగ్గర కైసర్ సారు గ్లాసు కింద పెట్టాడు. "చూడకుండ సున్నా పెట్టినవా ఫరహత్?"

"మీరు గూడ పటం చూసిన్రు గద సార్. ఒక్క జాగనన్న సాఫ్ ఉంది, మంచిదే అన్నరు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "అన్న," అన్నాడు. "నేనే అన్న. ఇంజినీరు సారుకు గూడ అదే చెప్పిన."

ఇంజినీరు ఆ మాట నమ్మాడు. కట్టంతటిలో గట్టి చోటు అదొక్కటే అనుకుని, బస్తాలు మోసే ట్రాక్టర్‌ను తెచ్చి అక్కడే నిలిపాడు. మిగిలిన ఇసుకంతా అక్కడే గుట్ట పోయించాడు. ఎవరూ వల వేయని చోట, ఎవరూ కాలు పెట్టని చోట, దెయ్యం చేప ఎన్నేళ్లుగా ఏం చేసుకుంటున్నదో ఎవరికి తెలుసు?

అప్పుడే వాకిట్లోంచి నవ్వు వినబడింది. కట్ట కింది తండా నుంచి గోప్యా వచ్చాడు. యూరియా బస్తాను కొప్పెరగా నెత్తిన వేసుకున్నాడు.

"ఏమ్మో యాకమ్మా, మీ మైసమ్మకు నా మీద పావురమైంది, ప్రేమ పుట్టింది!"

"ఏందన్నా?"

"మోటర్ లేదు, కాలువ లేదు. నా మడిల నీళ్లు ఊరుతున్నయి. సక్కగ గద్దె ఎనుకనే. పొద్దట్నుంచి ఉత్తగనే పారుతాంది. రవీందర్ నీళ్లకు చందా అడుగుతడేమోనని ముందే చెప్పిపోదామని వచ్చిన."

ఎవరూ నవ్వలేదు.

"నీళ్లు ఎట్లున్నయే అన్నా?" అని అడిగింది యాకమ్మ.

"ఎట్లుంటయి? తడిగ ఉన్నయి."

"రంగు జెప్పు."

గోప్యా ఆమె ముఖం చూసి కొప్పెర తీశాడు. "నల్లగున్నయి. బొగ్గు కడిగినట్టు."

ఆ ఊరి నేలంతా ఎరుపు. వాన నీళ్లు ఎర్రగా పారతాయి, కాలువ ఎర్రగా పారుతుంది, ఉతికిన బట్టలు కూడా ఎర్రబడతాయి. నల్లమన్ను ఒక్కచోటే ఉంది. పాతకాలంలో కట్ట పోసినప్పుడు ఎక్కడి నుంచో బండ్ల మీద రేగడి తెచ్చి, కట్ట నడుమ పోసి, ఎడ్లతో తొక్కించారు. గోప్యా మడిలో పారుతున్నది కట్ట కడుపులోని మన్ను.

యాకమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి నడిచింది. వెనక రజిత సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది, ఆమె వెంట మిగతా ముగ్గురూ.

కట్ట మీద రవీందర్ నలుగురు మనుషులతో బస్తాలు మోయిస్తున్నాడు. చెరువు నిండు గర్భిణిలా ఉంది. నీళ్లు కట్ట అంచు నుంచి చెయ్యి చాపితే అందే దూరంలో మెల్లగా ఊగుతున్నాయి. గద్దె మీద చవితికి పెట్టిన బంతిపూలు వానకు కుళ్లి కిందికి జారాయి. పక్కనే ఇసుక గుట్ట, ట్రాక్టర్. ట్రాక్టర్ వెనక చక్రం మన్నులో కొంచెం దిగబడి ఉంది. పొద్దున అలా లేదు.

యాకమ్మ జరిగినదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. రవీందర్ విని, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"వదినె, నీకు పిల్లి ఎదురొచ్చినా కట్ట తెగినట్టే. మొన్న బస్సు లేటయితె బస్సు బోల్త పడ్డదని ఊరంత తిరిగినవు."

మోసే మనుషులు నవ్వారు.

"నాకు భయమే," అంది యాకమ్మ. "పుట్టినకాడికెళ్లి భయమే. గిప్పుడు గూడ కాళ్లు వణుకుతున్నయి, సూడు. గని నీళ్లు నల్లగొస్తున్నయి రవీందరూ."

"అయితె ఏం జెయ్యాలె?"

"కిందికి దిగి సూడాలె."

ఆయన ముఖం బిగుసుకుంది. "ఎక్కడ? అమ్మ జాగలనా?"

"ఔ."

"మా తాత దిగలే. మా నాయిన దిగలే. అన్న గూడ దిగలే. కరువొచ్చి సెరువంత ఎండి, ఒక్క గీ మడుగులనే సేపలుంటె, ఆకలికి పండుకున్నం గని దిగలే. గిప్పుడు ఫోన్‌ల సున్నా తప్పు పడ్డదని దిగాల్నా?"

"చిన్నాయిన, తప్పు మాదే..." అని రజిత మొదలుపెట్టింది.

"నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా. చదువుకున్నోళ్లు మీరు, పోయి జనగామల మాట్లాడుకోండ్రి. గీడ అమ్మ ముంగట కాదు."

కైసర్ సారు ముందుకు వచ్చాడు. "రవీందరన్నా, నేను దిగుత. మీ దేవత, మీ కట్టుబాటు, నాకు గౌరవమే. తప్పు లెక్కకు జవాబుదారి నేను."

"మీరు దిగితె ఊరు ఊకుంటదా సారూ? రేపు ఏం జరిగినా మీ పేరే జెప్తరు. నా కండ్లముంగట గది కానియ్య."

ఆ మాటలో కోపం కంటే బెదురు ఎక్కువగా ఉంది. యాకమ్మకు అది తెలిసింది. ఇన్నేళ్లుగా తన ఒక్కదానికే ఉందనుకున్న భయం మరిది కళ్లలో కూడా కనబడింది. ఆయనకు అమ్మవారంటే భయం. ఆమెకు నీళ్లంటే భయం. రెండింటిలో ఏది ముందు వచ్చి మీద పడుతుందో ఇద్దరికీ తెలియదు.

ఆమె గద్దె ముందు వంగి, తడి మన్ను తీసి నుదుటికి రాసుకుంది. "తల్లీ, నీ ఇంట్ల దొంగ వడ్డడేమో సూసివస్త. తప్పయితె నన్ను పట్టు, పిల్లల జోలికి పోకు," అంది. చీర కుచ్చెళ్లు పైకి దోపి, రాతికట్టు మీద వెనక్కి తిరిగి, పిల్లలు నిచ్చెన దిగినట్టు దిగింది.

"అవ్వా!"

"ఆడనే ఉండు!"

మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది. నీళ్లు చల్లగా, బరువుగా ఉన్నాయి. పైన వాన చప్పుడు ఒక్కటే. యాకమ్మ ఎడమ చేత్తో ఒక రాయిని పట్టుకుని, కుడిచేతిని నీళ్ల కింద రాళ్ల వెంట జరిపింది. రాయి. నాచు. రాయి. మళ్లీ రాయి. ఏమీ లేదు తల్లీ, ఏమీ లేదు, నేనే పిచ్చిదాన్ని అనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత సుఖం!

అప్పుడు రాయి ఉండాల్సిన చోట చెయ్యి లోపలికి పోయింది.

మణికట్టు పోయింది, మోచెయ్యి పోయింది, భుజం రాళ్లకు ఆనింది. లోపల ఇంకా చోటుంది. నీళ్లు ఆమె వేళ్లను మెల్లగా లోపలికి లాగుతున్నాయి. ఏదో గరుకుగా కదిలి, అరచేతిని గీసి, జారిపోయింది. ఆమె కేక పెట్టింది. చెయ్యి బయటికి తీస్తే రక్తం కారుతోంది. దాని పక్కనే మరో బొక్క. దాని కింద ఇంకొకటి.

"రజితా, కర్ర!"

జనగామ పోవాల్సిన కర్ర సంచిలోంచి బయటికొచ్చింది. రజిత కట్ట అంచున బోర్లా పడుకుని దాన్ని అందించింది. యాకమ్మ కర్రను బొక్కలోకి తోసింది. ఎరుపు పట్టీ పోయింది, తెలుపు పోయింది, మళ్లీ ఎరుపు పోయింది. ఎక్కడా తగల్లేదు. చివరి పట్టీ ఆమె వేళ్ల దగ్గరికి వచ్చినప్పుడు, లోపలి నుంచి ఎవరో అందుకున్నట్టు కర్ర చేతిలోంచి జారి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె పైకి చూసింది. రవీందర్ అంచు మీద కూర్చుని, ఆమె ఖాళీ చేతిని చూస్తున్నాడు.

"పోయింది," అంది యాకమ్మ. "మొత్తం పోయింది రవీందరూ."

ఆయన రెండు చేతులతో ఆమెను పైకి లాగాడు. అంతే, ఇంక వాదన లేదు.

"ట్రాక్టర్ తియ్యిరి! మెల్లగ, ఎనుకకు! గోప్యన్నా, తండ ఖాళీ జేపియ్యి, బడి మిట్టకు ఎక్కియ్యి. సారూ, ఇంజినీరుకు ఫోన్ కొట్టుండ్రి."

కైసర్ సారు అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. మన్ను తోడే మిషన్ పంపుతారట. వాగు పొంగి దారి మునిగింది, చుట్టు తిరిగి రావాలట. ఎంతసేపు పడుతుందో వాళ్లకే తెలియదు.

"అందాక నీళ్ల బరువు దించాలె. తూము లేపాలె," అన్నాడు రవీందర్.

తూము కట్ట ఆ కొసన ఉంది. కట్ట నుంచి కొంచెం లోపలికి, నీళ్లలో రాతి దిమ్మె. దాని మీద తూము తలుపును లేపే తుప్పు పట్టిన ఇనుప చక్రం. ఎండాకాలంలో నడిచి పోవచ్చు, ఇప్పుడు ఈదాలి. ఆ ఊళ్లో ఈతలో రవీందర్‌ను మించినవాడు లేడు.

తండాలో ఇళ్లు దూరదూరంగా ఉన్నాయి. గోప్యా ఒక్కడు ఎన్ని తలుపులు తడతాడు? "మేం పోతం సార్," అంది ఫరహత్. ముఖమంతా తడి, వానో ఏడుపో తెలియకుండా. "తండల వినాయకుని మంటపం ఉంది గద. మైకుల చెప్తం."

రజిత తల్లి వైపు చూసింది. సంచి ఇంకా భుజానే ఉంది.

యాకమ్మ నోటిదాకా 'వద్దు' వచ్చింది. పోవాల్సింది కట్ట కిందికి. తెగితే ముందు నీళ్లు పడేది అక్కడే. ఆమె బిడ్డ చెంప మీద గీరుకుపోయిన చేతిని పెట్టింది. రక్తం అంటుకుంది.

"పో బిడ్డా. చెప్పి, మిట్ట ఎక్కు. ఎనుకకు మర్రకు."

వాళ్లు గోప్యా వెంట జారుతూ, లేస్తూ కట్ట దిగి పోయారు.

రవీందర్ గద్దె ముందు చెప్పులు విడిచాడు. రోజూ అలాగే విడుస్తాడు, తిరిగొస్తూ వేసుకుంటాడు. గడ్డపార భుజాన పెట్టుకుని, దండం పెట్టి, యాకమ్మ వైపు తిరిగాడు.

"వదినె, చవితి ఉండ్రాళ్లు ఇంక ఉన్నయా, నీ బిడ్డ అన్నీ మింగిందా?"

"రెండున్నయి."

"దాసిపెట్టు. ఆకలైతాంది."

అలా అని, వానలో కట్ట వెంట ఆ కొసకు నడిచాడు. కాసేపటికి మనిషి కనబడలేదు.

కైసర్ సారు యాకమ్మను బలవంతంగా బడి మిట్ట మీదికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి ఆమె చెవులు మాత్రమే పనిచేశాయి. ముందు వినాయకుడి పాట ఆగింది. మైకు గుర్రుమంది. ఆ తర్వాత రజిత గొంతు, జనగామ సభలో వినబడాల్సిన గొంతు, తండా మీదుగా తేలి వచ్చింది. "కట్టకు బొక్కలు పడ్డయి. మైసమ్మ జాగల మేం సూడలే. తప్పు మాది. సామాన్లు వద్దు, పిల్లల్ని పట్టుకోని మిట్ట ఎక్కుండ్రి." ఆ వెంటనే గోప్యా తమ భాషలో అదే మాట. మళ్లీ రజిత. మళ్లీ ఫరహత్. గొంతు వినబడుతున్నంతసేపు యాకమ్మ ఊపిరి పీల్చింది. మధ్యలో మైకు ఆగితే ఊపిరి ఆగింది.

జనం రాసాగారు. చంకల్లో పిల్లలు, చేతుల్లో మేకల తాళ్లు. ఎవరో ముసలమ్మను మంచంతో సహా మోసుకొచ్చారు.

అప్పుడు కాలువ వైపు నుంచి కేకలు వినబడ్డాయి. "నీళ్లొచ్చినయి! తూము లేసింది! రవీందర్ లేపిండు!" తండా వాళ్లు చప్పట్లు కొట్టారు. కాలువ నిండా నీళ్లు ఎర్రగా, ఉరుకుతూ పారాయి. కట్ట ఇంకా నిలిచే ఉంది.

మిట్ట మీదికి ఫరహత్ వచ్చింది. గోప్యా వచ్చాడు. అందరికంటే చివర రజిత వచ్చింది, బురద కొట్టుకున్న సంచి భుజానే ఉంది. యాకమ్మ ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, కట్ట వైపు చూస్తూ నిలబడింది.

రవీందర్ రాలేదు. చవితి తెల్లారి గురువారం, ఊళ్లో దీపాలు పెట్టకముందే తూము లేపడానికి పోయిన రవీందర్ మళ్లీ తిరిగి రాలేదు.